విజయనగరంలో ఉంటూ స్విస్ వాచీ కొంటే పెట్టుబడి అవుతుందా?

సరదాకైతే కొనండి. పెట్టుబడిగా మాత్రం చాలా మోడళ్లు షోరూం గడప దాటగానే విలువ పోగొట్టుకుంటాయి. రోలెక్స్ డేటోనా లాంటివి కొన్నే కొన్న ధర దాటతాయి. 2022 తర్వాత అవీ బాగా దిగాయి. బంగారమైతే ఇక్కడే పూటలో అమ్ముకోవచ్చు, వాచీకి కొనేవాణ్ని హైదరాబాద్‌లోనో ముంబైలోనో వెతకాలి. డీలరు తన లాభం తీసేసే ధర చెబుతాడు. పెట్టె, బిల్లు, వారంటీ కార్డు లేకుంటే ఇంకా తెగ్గోస్తాడు.

అన్నిటికన్నా చేటు పాలిష్. మెరుపు కోసం కేసు, అంటే వాచీ బయటి లోహపు గుల్ల, అరగదీయిస్తే అంచులు గుండ్రబడతాయి. పోయిన లోహం మళ్లీ రాదు. మన చెమటకి, ఉక్కపోతకి కీ తిప్పే బొడిపె దగ్గరి రబ్బరు సీళ్లు పాడైతే తేమ దూరి డయల్ మచ్చలు పడుతుంది. సర్వీసులో సీళ్లు మార్పించి, నీళ్లు దూరుతాయేమో చూసే ప్రెజర్ టెస్టు చేయించండి.

వాచీ ధర పది లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను, వసూలు చేస్తారు. అది మీ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.