సున్న చుట్టిన చోట మీ కూలి రాయండి

తల్లీ,

మీ నాటకానికి నువ్వు వేసి పంపిన బడ్జెట్ కాగితం నా ముందే ఉంది. లైట్లకు, మైకుకు 24,000, హాళ్ల అద్దె 15,000, దుస్తులకు 12,000, వ్యానుకు 21,000, భోజనాలకు 18,000. మొత్తం 90,000. కూడికలో తప్పు లేదు. కానీ నటీనటులు అని రాసిన వరుసలో సున్న చుట్టి, పక్కన 'ఉచితం' అని రాశావు. అక్కడి నుంచి నా కన్ను కదలలేదు.

మీరు ఆరుగురు. ఇరవై అయిదు రోజుల రిహార్సళ్లు, ఒంగోలు నుంచి నెల్లూరు దాకా అయిదు ప్రదర్శనలు, మొత్తం ముప్పై రోజుల పని. ఆ ముప్పై రోజులూ బట్టల దుకాణంలో పనిచేసే పిల్లవాడికి జీతం కోత పడుతుంది. నీకు కుట్టుపని ఆగిపోతుంది. మనిషికి రోజుకు 500 వేసుకున్నా 15,000, ఆరుగురికి 90,000. అంటే బడ్జెట్ రెట్టింపై 1,80,000 అవుతుంది. కానివ్వు. వ్యాను నడిపేవాడు కూలి అడిగితే తప్పు కానప్పుడు, ఆ వ్యానులో వెళ్లి రెండు గంటలు వేదిక మీద నిలబడే మనిషి అడిగితే తప్పెలా అవుతుంది?

'మా కథ చెప్పుకోనిస్తే చాలు పెద్దమ్మా, మాకు డబ్బెందుకు' అని రాశావు. ఆ మాట చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీలాంటి ట్రాన్స్‌జెండర్ పిల్లలకు ఈ లోకం చెయ్యి చాచడం ఒక్కటే నేర్పింది, అడిగి తీసుకోవడం నేర్పలేదు. 2022లో కేంద్రం తెచ్చిన స్మైల్ పథకాన్నే చూడు. అందులో ఒక భాగం ట్రాన్స్‌జెండర్ల సంక్షేమానికి, రెండో భాగం భిక్షాటన చేసేవారి పునరావాసానికి. సాయం అందితే తప్పకుండా తీసుకోండి. కానీ ఈ రెండింటినీ ఒకే పేరు కింద చేర్చడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నెల్లూరులో రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, ఇంటి రొట్టె అని అడిగేవాళ్లను చూశావు కదా. ఒక్కరైనా తలదించుకుంటారా? దరఖాస్తు రాసేటప్పుడు నీ గొంతు అలా ఉండాలి.

నీ దరఖాస్తు మొదటి పేజీ మార్చు. ఇంట్లోంచి గెంటేసిన రాత్రితో మొదలుపెట్టావు. అది నిజమని నాకు తెలుసు, నువ్వు చెబుతుంటే పక్కన కూర్చుని విన్నదాన్ని. కానీ డబ్బిచ్చేవాళ్ల బల్ల మీద అలాంటి రాత్రులు వందలుంటాయి. ఎవరి రాత్రి ఎక్కువ చీకటిదో తూచే పోటీలో నువ్వు దిగవద్దు. నాటకంతో మొదలుపెట్టు. హార్మోనియం లేకుండా పద్యం ఎందుకు పాడిస్తున్నారో, ఆడవేషం కట్టే మగవాణ్ణి చప్పట్లతో మెచ్చుకున్న ఊరే వేదిక దిగిన మనిషిని ఎందుకు వెలివేస్తుందో అడిగే మూడో రంగం ఎలా పుట్టిందో రాయి. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రలతోనే పేరు తెచ్చుకుని 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కట్టింది వేషం, నువ్వు బతికేది జీవితం. ఆ తేడా మీ నాటకానికి ప్రాణం. ట్రాన్స్ మహిళలైన నర్తకి నటరాజ్‌కు భరతనాట్యానికి 2019లో, మంజమ్మ జోగతికి జానపద కళకు 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇద్దరినీ విద్యను చూసే పిలిచారు.

ఇక ఎక్కడ అడగాలన్నది. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ 1995 నుంచి కళాకారులకు గ్రాంటులిస్తోంది. అక్కడ తెలుగులోనే దరఖాస్తు రాయవచ్చు. మీ ఇంగ్లిషు గురించి బెంగ వద్దు, మీ తెలుగు బాగుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్ల వారికి, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు. గురువు దగ్గర అయిదేళ్ల శిక్షణ చూపించాలి కాబట్టి మీలో కూచిపూడి నేర్చుకున్న అమ్మాయికి సరిపోతుంది. తన గురువుగారి ధ్రువపత్రం ఇప్పుడే అడగమను, చివరి రోజుల్లో ఆయన ఊళ్లో ఉండకపోవచ్చు. లఘుచిత్రం తీయాలనుకునే పిల్లవాడికి ముంబైలో 2010 నుంచి జరుగుతున్న, గే, ట్రాన్స్ వంటి క్వియర్ మనుషుల సినిమాలు చూపే కషిష్ ఉత్సవం గురించి చెప్పు. వాళ్లు క్యూదృష్టి పేరుతో క్వియర్ దర్శకులకు గ్రాంటు కూడా ఇస్తూ వచ్చారు.

విదేశంలో ఉన్న ఒక సంస్థ డబ్బు పంపుతానందని సంతోషంగా రాశావు. ఆ డబ్బు నీ ఖాతాలో వేయించుకోవద్దు. విదేశీ విరాళాల చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా సాంస్కృతిక కార్యక్రమానికి విదేశీ విరాళం తీసుకోకూడదు. నమోదున్న సంస్థ కూడా తనకొచ్చిన విదేశీ నిధిని 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. మంచి ఆడిటరును అడగకుండా ఆ ఉత్తరానికి జవాబు రాయకు. మంచి మనసుతో చేసిన పొరపాటైనా కాగితం మీద నేరంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. ఎనిమిదేళ్ల కిందట ఒక దాత మా నాటక సమాజానికి 40,000 ఇచ్చాడు. ఇచ్చే రోజు వేదిక మీద ఫ్లెక్సీ కట్టించి, పిల్లలందరినీ వరుసగా నిలబెట్టమన్నాడు. డబ్బిచ్చినవాడు అడిగితే కాదంటామా అనుకుని నిలబెట్టాను. మర్నాడు ఆ ఫోటో పత్రికలో వచ్చింది. కింద ఏం రాశారో చెప్పలేను. అందులో ఎడమ చివరన, నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు తాడుతో నిలబడిన అబ్బాయి గే అని అతని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రానికి తెలిసింది. ఆ ఇంటి తలుపు ఇప్పటికీ తెరుచుకోలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆ అబ్బాయి 'మీ తప్పేం లేదు పెద్దమ్మా' అంటాడు. ఉంది.

అందుకని డబ్బు చేతికి రాకముందే ఒక పేజీ ఒప్పందం రాసుకో. ఎవరి ముఖం కనిపించవచ్చు, ఎవరి పేరు పోస్టరు మీద ఉండవచ్చు, ఫోటోలు ఎవరి అనుమతితో వాడాలి అన్నీ అందులో ఉండాలి. అవతలి పక్షం సంతకం పెట్టనంటే ఆ డబ్బు వదిలేయి. నువ్వు ట్రాన్స్ మనిషినని దాచుకోలేదు, అది నీ ధైర్యం. ఆ ధైర్యాన్ని మీలో ఇంకా ఇంట్లో చెప్పుకోని ఇద్దరికీ అప్పు ఇవ్వకు. దాతలకు పంపే లెక్కల్లో కూడా వాళ్ల గురించి ఒక్క వివరం రాయవద్దు.

బిల్లుల సంగతి రెండు మాటలు. తెల్లకాగితం మీద వ్యాను డ్రైవరు రాసిచ్చిన చీటీలు చెల్లవన్నందుకు ఒకసారి మాకు రెండో విడత ఆగింది. తేదీ, పేరు, సంతకం లేకుండా రూపాయి ఇవ్వకు. మీ ఆరుగురి కూలికి కూడా రసీదు రాయించు. బ్యాంకులో నీ పాత పేరుంటే ముందు జాతీయ పోర్టల్‌లో ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టు. కలెక్టరు ఇచ్చే ఆ పత్రంతో ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా వరుసగా మార్చుకోవచ్చు. చెక్కు మీద పేరు, ఖాతా పేరు కలవక డబ్బు వెనక్కి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను.

సొసైటీగా నమోదు చేసుకుందామా అని అడిగావు. మొదటి నాటకానికి అక్కర్లేదు, రెండోదానికి కావాలి. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల నమోదు చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఇంట్లో చెప్పుకోని ఆ ఇద్దరి పేర్లు రిజిస్ట్రారు ఆఫీసు కాగితాల్లోకి ఎక్కించవద్దు. మిగిలింది నలుగురు. ఇంకో ముగ్గురు కావాలి. మా వీధిలో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరు గారిని నిన్న అడిగాను, కాసేపు ఆలోచించి సరేనన్నారు. మీ కూచిపూడి మాస్టారు ఒప్పుకుంటారేమో అడిగి చూడు. ఏడో పేరు నాది రాసుకో, ఆధార్ నకలు ఈ కవరులోనే పెట్టాను.

కావలి నుంచి,
మీ పెద్దమ్మ