వెన్నదేవికూరను కుండీలో ఉంచుకోండి, మడిలోకి మాత్రం దిగనివ్వకండి

వానలు మొదలయ్యాక బంతి కుండీలో నీలం పూల మొక్క దానంతటదే మొలిచిందనీ, పీకబోతే వేళ్ల దగ్గర తెల్లటి మొగ్గల్లాంటివి కనిపించాయనీ రాశారు. ఉంచాలా తీసేయాలా అన్నది మీ ప్రశ్న. ఆ తెల్లటివాటి సంగతి చెప్పారు కాబట్టి పెద్దగా అనుమానం లేదు, అది వెన్నదేవికూరే అయ్యుంటుంది. వెన్నవెదురు, అమృతకాడ అని కూడా అంటారు. శాస్త్రీయనామం కొమ్మెలినా బెంగాలెన్సిస్.

మా చేలో తొలకరి పడిందంటే పత్తి సాళ్ల మధ్య మొదట లేచేది ఇదే. చిన్నప్పటి నుంచీ దీన్ని పీకుతూనే ఉన్నాను, అయినా నాకు ఇష్టమైన మొక్క. పొద్దున్నే ఒక పువ్వును దగ్గర పెట్టుకుని చూడండి. పైన రెండు నీలి రేకులు, కింద చిన్నగా, పాలిపోయినట్టు మూడోది. మధ్యలో పసుపు పచ్చగా మెరిసే కేసరాలు తేనెటీగలను రప్పించడానికే ఉన్నాయి, వాటిలో పుప్పొడి ఉండీ లేనట్టే. అసలు పుప్పొడినిచ్చేవి వేరే. ఈ పువ్వులో తేనె కూడా ఉండదు. మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. పువ్వు కింద గరాటులాంటి మడత ఆకును నొక్కితే జిగురు నీళ్లు వస్తాయి. ఆకు మొదట్లో కాడను చుట్టుకున్న చోట ఎర్రటి నూగు ఉంటే ఇక గుర్తుపట్టడంలో పొరపాటు జరగదు.

ఇక మీరు చూసిన తెల్లటివి. అవి దుంపలు కావు, మట్టిలోపలి పూలు. విచ్చుకోవు, తేనెటీగతో పని లేదు, తమలో తామే ఫలదీకరణం చెంది భూమిలోనే గింజ కడతాయి. పై కాడలను కోసేసి కలుపు తీశామనుకుంటే లోపల విత్తనం తయారవుతూనే ఉంటుంది. దానికి తోడు నేలకు తగిలిన ప్రతి కణుపూ వేరు పోస్తుంది. గుంటక తోలితే ముక్కలై, ముక్కకో మొక్క అవుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందుకూ తేలిగ్గా లొంగదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి రైతులకు ఇది పెద్ద బెడద కావడానికి ఒక కారణం అదే.

అందుకని నా సలహా: అందం కోసం కావాలంటే వేరే కుండీలోకి మార్చి, నేలకు తగలకుండా అరుగు మీద పెట్టండి. వేలాడే కుండీ అయితే మరీ మంచిది, కాడలు చక్కగా దిగుతాయి. బంతి కుండీలోది మాత్రం మట్టి తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా తవ్వి తీయండి. పీకింది గట్టు మీద, పాదులో పడేయొద్దు, తడి తగిలితే మళ్లీ నాటుకుంటుంది. ఎండకు కాగిన బండ మీద పరిచి కరకరలాడేదాకా ఎండబెట్టాకే ఎరువు కుప్పలో వెయ్యాలి. పశువులుంటే వాటికి వేసేయండి, ఇష్టంగా తింటాయి.

లేత చివుళ్లు మా ఇంట్లో కందిపప్పులో వేస్తాం. కొంచెం జిగురుగా ఉంటుంది, చింతపండు పులుసు పడితే బాగుంటుంది. మందు కొట్టిన చేను గట్ల మీద కోసుకోవద్దు, మొక్కను రూఢిగా గుర్తుపట్టకుండా వండుకోవద్దు. మీ మేడ మీదిదైతే, ఆ కుండీలో పురుగుమందు వాడలేదంటే, పూత రాకముందే చివుళ్లు తుంచుకోండి. ముదిరితే నార తేలుతుంది.