నిలబడే ఉద్యోగంలో కూర్చోవడం తప్పా?

ప్రశ్న: గుంటూరులో ఒక పెద్ద బట్టల షాపులో చీరల సెక్షన్‌లో నాలుగేళ్లుగా చేస్తున్నాను. జీతం 12,000. పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వదులుతారు, ఆషాఢం సేల్‌లో పది కూడా దాటుతుంది. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు, కెమెరాలో చూసి ఫైన్ వేస్తారు. బాత్‌రూమ్‌కి పంపరని నీళ్లు తాగడమే మానేశాను. పిక్కల్లో నరాలు ఉబ్బాయి. అడిగితే తీసేస్తారేమోనని టెన్షన్.

జవాబు: అమ్మా, ముందు నీళ్లు తాగండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ఇది మాత్రం ఈరోజే మొదలుపెట్టండి.

మీరు అడుగుతున్నది దయ కాదు. కేరళలోని కోళికోడ్ మిఠాయి వీధిలో కుట్టుపని చేసుకునే పి. విజి గారు షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టి మొదట బాత్‌రూమ్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి కొట్లాడితే, కేరళ 2018లో చట్టం మార్చింది. తమిళనాడు 2021లో మార్చింది. ఇప్పుడు దేశమంతటికీ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అనే కార్మిక చట్టంలో కూడా, నిలబడి పనిచేయక తప్పనివాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాసి ఉంది, పదిమంది పనిచేసే చోటు అయితే చాలు. వారానికి 48 గంటలు దాటిన పనికి ఓవర్‌టైమ్ ఇవ్వాలి. మీ లెక్కన ఆరు రోజులకే 60 దాటిపోతోంది!

ఒక్కరే వెళ్లి అడగొద్దు, ఒక్కరిని తీసేయడం వాళ్లకు తేలిక. మీ ఫ్లోర్‌లో అందరూ కలిసి, కాగితం మీద రాసి, సంతకాలు పెట్టి ఇవ్వండి. వచ్చే టైము, వెళ్లే టైము, వేసిన ఫైన్లు ఒక చిన్న నోటుబుక్కులో రోజూ రాసుకోండి. వాళ్లు వినకపోతే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు అదే మీ సాక్ష్యం.

కాళ్ల సంగతి వాయిదా వేయకండి. మీ జీతానికి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కింద మీ దగ్గర 90 రూపాయలు కోస్తారు, షాపు 390 కట్టాలి. పే స్లిప్‌లో చూడండి. కోస్తున్నారంటే ఈఎస్ఐ డిస్పెన్సరీలో చూపించుకోవచ్చు, డాక్టరు సెలవు రాస్తే ఏడాదిలో 91 రోజుల వరకు 70 శాతం జీతం వస్తుంది. కోయడం లేదంటే ఆ ఫిర్యాదు కూడా కలిపి ఇవ్వండి.

కాగితం ఆషాఢం సేల్ మొదలయ్యే ముందే ఇవ్వండి. ఆ నెలలో మీరంతా లేకపోతే కౌంటర్ నడవదని వాళ్లకీ తెలుసు.