చిన్న బోటు మోటారుకు గేరు గట్టిగా పడుతోందా? గేర్‌బాక్స్ దింపే ముందు కేబుల్ ఊడదీసి చూడండి

మీరు చెప్పినదాన్ని బట్టి సంగతి ఇదీ: రిసార్టు చెరువులో తిప్పే బోటు, 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు, సీటు పక్కన రిమోట్ లివర్. ఫార్వర్డ్ ఎలాగోలా పడుతోంది కానీ మళ్లీ న్యూట్రల్‌కి తేవాలంటే రెండు చేతులతో లాగాలి. మెకానిక్ చూసి గేర్‌బాక్స్ పోయిందన్నాడు. అప్పుడే దింపనివ్వకండి. హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్పే కోచ్‌ల బోట్ల మోటార్లు చాలాకాలంగా నేను చూస్తున్నాను. గేర్‌బాక్స్ పోయిందని నా దగ్గరికి వచ్చిన వాటిలో ఎక్కువ వాటికి రోగం పైన, కేబుల్ వైపే ఉంది.

ముందు ఒకటి చెప్పండి, గట్టిగా ఉన్నది ఇంజిన్ ఆగి ఉన్నప్పుడా, నడుస్తున్నప్పుడా? ఆగి ఉన్నప్పుడైతే కొంత మామూలే. కింద గేర్‌బాక్స్‌లో ఫార్వర్డ్, రివర్స్ గేర్లు రెండూ పినియన్‌కి, అంటే ఇంజిన్ తిప్పే చిన్న గేరుకి, ఎప్పుడూ పట్టే ఉంటాయి. వాటి మధ్య పళ్లున్న డాగ్ క్లచ్ అటో ఇటో జరిగితే గేరు పడినట్టు. పన్నుకి పన్ను ఎదురుపడితే ఎంత తోసినా జరగదు, బలం పెడితే గేరు కదిపే కడ్డీలు వంగుతాయి. స్పార్క్ ప్లగ్ క్యాప్‌లన్నీ పీకేసి, ఒక చేత్తో ప్రొపెల్లర్ మెల్లగా తిప్పుతూ ఇంకో చేత్తో గేరు వేయండి. క్యాప్‌లు తీయకుండా ప్రొపెల్లర్ ముట్టుకోవద్దు.

ఇక అసలు పరీక్ష. పై మూత తీసి, గేరు కేబుల్ మోటారు ఆర్మ్‌కి, అంటే గేరు మార్చే చిన్న చేతికి, తగిలే చోట ఉన్న క్లిప్ తీసి కేబుల్ చివర పక్కకు లాగేయండి. అలాగే ప్రొపెల్లర్ తిప్పుతూ ఆ ఆర్మ్‌ని చేత్తో కదపండి. తేలిగ్గా ఫార్వర్డ్, న్యూట్రల్, రివర్స్ పడితే మీ గేర్‌బాక్స్ బాగానే ఉంది, తప్పు కేబుల్‌దో లివర్ బాక్స్‌దో.

మా కోచ్ బోటు ఒకదానికి సరిగ్గా ఇదే జరిగింది. కేబుల్ తీశాక ఆర్మ్ రెండు వేళ్లతో కదిలింది. వెనక్కి వెళ్లి చూస్తే, పెట్రోల్ ట్యాంక్ జరగకుండా కట్టిన బెల్టు కింద కేబుల్ నలిగి ఎల్ ఆకారంలో వంగి ఉంది. అక్కడ తొడుగు చిట్లి నీళ్లు దిగాయి. మోటారు వైపు బయటికొచ్చే స్టీలు రాడ్ మీద గోధుమరంగు తుప్పు గరుకుగా తగులుతోంది. బైక్ క్లచ్ కేబుల్ లాగడమే చేస్తుంది, ఇది తోయాలి కూడా, అందుకే మెలిక ఉంటే వెంటనే బిగుస్తుంది. ఎక్కడ తిప్పినా వంపు వ్యాసార్థం 8 అంగుళాలకు తగ్గకూడదు. స్ప్రే కొడితే నాలుగు రోజులు నడుస్తుంది, మళ్లీ మొదటికే వస్తుంది, నా మాట విని మార్చేయండి. కొత్తది బిగించేటప్పుడు లివర్, మోటారు రెండూ న్యూట్రల్‌లో పెట్టి, కేబుల్ చివర పిన్ను మీదికి తనంతట తనే దిగేలా సర్దండి. లాగి తగిలిస్తే ఒక వైపు గేరు సగమే పడుతుంది.

కేబుల్ తీసినా ఆర్మ్ గట్టిగానే ఉందా, అప్పుడు కిందికి దిగుదాం. ఈమధ్య ఇంపెల్లర్, అంటే ఇంజిన్‌కి చల్లదనం కోసం నీళ్లు తోడే పంపు రెక్కల చక్రం, మార్చారా? దాని కోసం గేర్‌బాక్స్ ఉన్న కింది భాగం (లోయర్ యూనిట్) దింపుతారు, పై ఆర్మ్ నుంచి గేర్‌బాక్స్‌కి దిగే షిఫ్ట్ రాడ్ విడదీస్తారు. తిరిగి కలిపేటప్పుడు అడ్జస్ట్‌మెంట్ తప్పితే సరిగ్గా ఆ రోజు నుంచే గేరు బిగుసుకుంటుంది. తేదీలు కలుస్తున్నాయేమో చూసుకోండి, మెకానిక్‌ని అడిగితే కాదనే అంటాడు.

ఇంజిన్ నడుస్తుండగా గేరులోంచి బయటికి రాక, ఆపగానే తేలిగ్గా వస్తుంటే అది ఐడిల్, అంటే థ్రాటిల్ పూర్తిగా తగ్గించినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, ఎక్కువవడం. పళ్ల మీద లోడు ఉంటే డాగ్ క్లచ్ వదలదు. మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎంకి తగ్గించండి. ఇంకోటి, గేరు మెల్లమెల్లగా వేసే అలవాటుంటే మానేయండి. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, టక్కున వేయాలి. నెమ్మదిగా తోస్తే పళ్లు కరకరమని అరుగుతాయి.

చివరగా గేర్ ఆయిల్. కింది స్క్రూ తీసి కొంచెం చూడండి. పాలలా తెల్లగా వస్తే నీళ్లు దిగాయి, ప్రొపెల్లర్ షాఫ్ట్ సీల్ చూడాల్సిందే. నిమజ్జనం తర్వాత సాగర్‌లో తిరిగితే విగ్రహాల తీగలు, గుడ్డ ముక్కలు ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని సీల్ కోసేస్తాయి. మీ చెరువులో గాలం దారం చాలు. సీల్ సైజు చెబితే సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో దొరకవచ్చు కానీ ఈ పనికి మాత్రం కంపెనీ సీలే వేయించండి. ఆయిల్ నింపేది కింది రంధ్రం నుంచి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా కారేదాకా. ముందు పై స్క్రూ బిగించి తర్వాత కిందిది బిగించాలి, రెండింటికీ కొత్త వాషర్లు వేసి.