ప్రి ద రోమ్ గెలిచింది అక్కా, చెల్లెలా?

ప్రి ద రోమ్ (కళాకారులకి ఫ్రాన్స్ సర్కారు పోటీ పెట్టి ఇచ్చిన పెద్ద బహుమతి) గెలిచినవాళ్ళుగా ఒక చోట ఫ్రెంచ్ సంగీత రచయిత్రి నాదియా బులాంజే 1908 అని, ఇంకో చోట ఆమె చెల్లెలు లిలీ బులాంజే 1913 అని ఉంది, ఏది రాంగ్ అని అడిగారు కదా, రెండూ కరెక్టేనండి. అక్క నాదియాకి వచ్చింది సెకండ్ ప్రైజ్, చెల్లెలు లిలీకి ఫస్ట్, రోమ్‌లో విల్లా మెడిచి అనే భవనంలో సర్కారు ఖర్చుతో ఉండి రాసుకునే ఛాన్స్ ఆ ఫస్ట్‌తోనే. నాదియా అయితే మొదటి రౌండ్‌లో గొంతుకి రాయమన్న ఫ్యూగ్‌ని (ఒకే రాగపు ముక్కని ఒకరి తర్వాత ఒకరు అందుకునే రచన) తీగవాయిద్యాలకి రాసేసి పెద్ద గొడవే తెచ్చుకుంది, నాకైతే ఆ తెగువే నచ్చుతుంది.

లిలీది చిన్నప్పట్నుంచీ జబ్బు ఒళ్ళు, అందుకే ముందు జార్జ్ కోసాడ్ దగ్గర ప్రైవేటుగా నేర్చుకుని తర్వాత పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కాలేజీలో పాల్ విడాల్ క్లాసులో చేరింది. 1912లో పోటీ మధ్యలోనే ఒంట్లో బాగోక తప్పుకుంది, మరుసటేడు కొంపియేన్ కోటలో మిగతా ఫైనలిస్టులతో పాటు వారాల తరబడి కూర్చుని కాంటాటా (గాయకులు, వాయిద్యాలు కలిసి వినిపించే పెద్ద రచన) రాసి 19 ఏళ్ళకే ప్రైజ్ కొట్టేసింది. వాళ్ళ నాన్న ఎర్నెస్ట్ కూడా 1835లో గెలిచినవాడే లెండి.

ఒక్కటి మాత్రం చూసుకోండి, లిలీ గురించి ఫస్ట్ ప్రైజ్ గెలిచిన "మొదటి మహిళ" అని రాస్తే పక్కన "సంగీతంలో" అని తప్పకుండా పెట్టండి, ఎందుకంటే శిల్పంలో లూసియెన్ హ్యోవెల్మాన్స్ 1911లోనే గెలిచేసింది.