అవిశ్వాసమా, అపనమ్మకమా?

సందేహం: 'నాయకుల మీద ప్రజల అవిశ్వాసం వల్ల ప్రజాస్వామ్యం కూలిపోయే ప్రమాదం ఉంది' అని ఒక వ్యాసంలో చదివాను. ఇక్కడ 'అపనమ్మకం' అనాలి కదా? సంస్కృత ఉపసర్గకు తెలుగు మాట అతికించారు కాబట్టి అపనమ్మకం తప్పని మా మాస్టారు అంటారు. ఏది సరి?

సమాధానం: మీ చెవి సరిగానే పట్టుకుంది. ఇక్కడ అపనమ్మకమే కావాలి.

నిఘంటువులో రెండూ దగ్గర మాటలే గాని వాడుకలో దారులు వేరయ్యాయి. అవిశ్వాసం ఇవాళ ముందుగా సభలో వినిపించే మాట. మున్సిపల్ చైర్మన్ మీద 'అవిశ్వాసం పెట్టారు', అది 'నెగ్గింది', 'వీగిపోయింది' అంటాం. దానికి నోటీసు, తేదీ, తలల లెక్క ఉంటాయి. లోక్‌సభలోనైతే కనీసం 50 మంది సభ్యులు లేచి నిలబడితేనే అది చర్చకు వస్తుంది. అపనమ్మకాన్ని ఎవరూ పెట్టరు. 'ఎవరికేస్తే ఏముందిలే' అని పోలింగు రోజు ఇంట్లోనే ఉండిపోయినవారి మనసులో అది పేరుకుంటుంది. వీగిపోయిందని ప్రకటించడానికి దానికి ఓటింగు ఏదీ?

ఈ తేడా పట్టించుకోకపోతే అర్థమే తారుమారవుతుంది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. (దాన్ని 'అవిశ్వాస తీర్మానంలో ఓటమి' అని రాస్తుంటారు. అది ఆయనే పెట్టిన విశ్వాస తీర్మానం.) ఆ తర్వాత ఆయనే ఆపద్ధర్మ ప్రధానిగా కొనసాగారు, ఆ ఏడాదే ఎన్నికలు జరిగాయి. రాజ్యాంగం నడవాల్సిన తీరులోనే నడిచింది. సభలో అవిశ్వాసం ప్రజాస్వామ్యానికి జబ్బేమీ కాదు, అందులో ఒక పనిముట్టు.

ఇంకో మాట కూడా పక్కన పెట్టి చూడాలి: అనుమానం. సంస్కృత తర్కంలో పొగను చూసి నిప్పు ఉందని ఊహించడం అనుమానం. తెలుగులో శంక అయింది. ఇది పౌరులకు ఉండవలసిందే. ఓటు వేయగానే, అది ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం అద్దం వెనుక చీటీ 7 సెకన్లు కనబడి పెట్టెలో పడుతుంది. 2019లో సుప్రీంకోర్టు చెప్పాక ఒక్కో అసెంబ్లీ స్థానం పరిధిలో 5 యంత్రాల చీటీలు లెక్కించి సరిచూస్తున్నారు. అనుమానానికి ఇలా కంటికి కనబడే జవాబు దొరికితే అది తీరడానికి వీలుంటుంది. అడిగినవాణ్ణి కసిరి పంపిస్తే అదే ముదిరి అపనమ్మకమవుతుంది. నాకు భయం కలిగేది అక్కడే.

ఇక మాస్టారి అభ్యంతరం. అపనమ్మకం మిశ్రపదమే, నిజం. నమ్మకద్రోహం కూడా అంతే. జనం నోట నలిగి స్థిరపడ్డ మాటలను పుట్టుక చూసి వెళ్లగొట్టలేం.

మీరు పంపిన వాక్యంలో 'కూలిపోయే' కూడా నాకు నచ్చలేదు. ఒక్క ఓటుతో కూలేవి ప్రభుత్వాలు. నేనైతే ఇలా రాస్తాను: 'నాయకుల మీద అపనమ్మకం ముదిరేకొద్దీ ప్రజాస్వామ్యం నీరుగారిపోతుంది.'