కెన్యా పల్లెలో స్కౌట్లతో పనిచేయడానికి అబ్బాయిని పంపొచ్చా?

రోవర్ స్కౌట్‌గా (పెద్ద వయసు స్కౌట్‌గా) ఉన్న మీ అబ్బాయి కెన్యా పల్లెలో స్కౌట్లతో రెండు నెలలు వాలంటీర్‌గా చేస్తానంటున్నాడని అడిగారు.

పంపొచ్చు. కానీ ఎవరో ఏజెంటుకి డబ్బు కట్టి మాత్రం వద్దు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ నుంచి పరిచయ లేఖ తీసుకోండి. పిలిచిన ట్రూపు (స్కౌట్ల బృందం) నిజంగా ఉందో లేదో కెన్యా స్కౌట్స్ అసోసియేషన్‌నే అడగండి.

అక్కడ ట్రూపులు చాలావరకు బడుల్లో నడుస్తాయి. ఏప్రిల్, ఆగస్టు, నవంబరు-డిసెంబరులో బడికి సెలవులు. అప్పుడు వెళ్తే, క్యాంపు లేకపోతే, ఖాళీగా కూర్చోవాలి.

అసలు టెన్షన్ తిరిగొచ్చేటప్పుడు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించాలి. ఆ సర్టిఫికెట్ లేకుండా కెన్యా నుంచి దిగితే మన దగ్గర 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. చాలామంది దీన్ని ఆఖరి వారంలో గుర్తు చేసుకుంటారు! మలేరియా మాత్రల గురించి కూడా టీకా వేయించేటప్పుడే డాక్టరును అడిగేయండి.

వీలైతే కెన్యాలోని న్యేరి పట్టణం చూసి రమ్మనండి. స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ 1941లో అక్కడే కన్నుమూశారు. సమాధి మీద ఒక సున్నా, మధ్యలో చుక్క ఉంటాయి. స్కౌట్ల దారి గుర్తుల్లో దానికి ‘నేను ఇంటికి వెళ్లిపోయాను’ అని అర్థం.